జగిత్యాలకు పంపిన సాంచెల చప్పుడు

సిరిసిల్లలో బుచ్చయ్యతో మాట్లాడాలంటే మూడు దారులున్నాయి. ఎదురుగా నిలబడి, పెదవులు బాగా కదిలేటట్టు అరవడం ఒకటి. చేతులతో చెప్పడం ఇంకొకటి. కరెంటు పోయేదాకా ఆగడం మూడోది. ఆయన భార్య శంకరవ్వ ముప్పై ఏళ్లుగా మూడో దారినే నమ్ముకుంది. బిడ్డ పెండ్లి సంబంధం, ఇంటి మీద రేకులు మార్చడం, శంకరవ్వ మోకాలి నొప్పి, అన్నీ కరెంటు పోయినప్పుడే చర్చకు వచ్చాయి. కరెంటు కోతలు తగ్గిన ఏడాది ఆమె పక్కింటివాళ్లతో, "మా మొగడు పెండ్లాలకు మాటల్లేవు, కరెంటు మంచిగస్తాంది" అని చెప్పుకుంది.

బుచ్చయ్య ఇంటి ముందుగదిలో నాలుగు సాంచెలుంటాయి. మరమగ్గాలను సిరిసిల్లలో ఎవరూ మరమగ్గాలనరు, సాంచెలనే అంటారు. ఒక్కో సాంచెలో దారాన్ని మోసే నాడె నిమిషానికి నూట నలభై సార్లు ఈ కొస నుంచి ఆ కొసకు కొట్టుకుంటుంది. నాలుగూ కలిసి నడిస్తే ఆ చప్పుడు ముందు అరికాళ్లకు తగులుతుంది, తరువాత మోకాళ్లెక్కుతుంది, చివరికి పొట్టలో కూర్చుంటుంది. చెవిదాకా వచ్చేసరికి చెవి చేతులెత్తేసి ఉంటుంది. బుచ్చయ్య పద్నాలుగో ఏట సాంచె ముందు నిలబడ్డాడు. పదకొండేళ్లు మహారాష్ట్రలో, భీవండి సాంచెల ముందు నిలబడ్డాడు. తిరిగి వచ్చి పాత సాంచెలు నాలుగు కొనుక్కుని ఇప్పటిదాకా, అంటే యాభై ఏడో ఏటిదాకా, వాటి మధ్యనే నిలబడ్డాడు. సన్నటి చప్పుళ్లు ఆయనను ఎప్పుడో వదిలిపెట్టి పోయాయి. ఈల వినపడదు, కుక్కర్ వినపడదు, మనుమరాలి ఏడుపు వినపడదు. సాంచెలో ఒక దారం తెగితే మాత్రం, ఎటు తిరిగి ఉన్నా, కాళ్లకు తెలుస్తుంది.

ఇలాంటి మనిషికి ఒక్కటే పిచ్చి. సాంచెల మీద గెలిచే పాటల పెట్టె ఒకటి కట్టాలి. పని చేసుకుంటూ పాట వినాలి. మొదట రేడియో పెట్టాడు, ఓడిపోయింది. టేప్‌రికార్డరు ఓడిపోయింది. రెండు చిన్న యాంప్లిఫయర్లు తానే విప్పి, తానే అతికి, తానే కాల్చాడు. ఎన్నికలయ్యాక ప్రచారం ఆటో మీది మైకు హారన్ ఒకటి సంపాదించి షెడ్డులో కట్టాడు. ఆ పూట మూడు గల్లీల జనం వ్యవసాయ వార్తలు విన్నారు, బుచ్చయ్య తప్ప. శంకరవ్వ ఆ హారన్‌ను విప్పి దాంట్లో కోడిని పొదగేసింది.

వీళ్లకు ఒక్కతే బిడ్డ, స్వప్న. ఆ నాలుగు సాంచెల చప్పుడులోనే కూర్చుని చదువుకుని, ఫార్మసీ పాసై, జగిత్యాలలో ఒక పెద్ద మందుల దుకాణంలో ఉద్యోగం చేస్తోంది. అల్లుడు రాజేశ్‌దీ జగిత్యాలే, ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. మొదటి కాన్పు తల్లిగారింట్లోనే జరగాలి కనుక స్వప్న సిరిసిల్లకు వచ్చింది, పాప పుట్టింది, తేజస్విని అని పేరు పెట్టారు. అయిదో నెలలో ఒడినింపి జగిత్యాలకు పంపారు.

పంపిన రోజు నుంచి పాప నిద్రపోవడం మానేసింది.

రాత్రి అయితే అలసిపోయి ఏదో ఒక జాముకు సొమ్మసిల్లేది. పగలు మాత్రం కన్ను మూసేది కాదు. ఏడుపు. రాజేశ్ భయస్తుడు. పాప తుమ్మితే తుమ్మిన టైము రాసుకునే రకం. నిద్రకు ఒక నోటుబుక్కు పెట్టి, గ్రాఫు గీసి, ఆ గ్రాఫును డాక్టరుకు చూపించాడు. డాక్టరు గ్రాఫు బాగుందన్నాడు, పాప కూడా బాగుందన్నాడు.

గండం ఏమిటంటే, ఒకటో తారీఖున స్వప్న పనిలో చేరాలి. చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని దుకాణంవాళ్లు చెప్పేశారు. పాపను చూసుకోవలసింది రాజేశ్ తల్లి సత్యవ్వ. ఆమెకు రెండు మోకాళ్లూ అరిగాయి. ఆమె లెక్క సూటిగా ఉంది.

"పన్నెండింటికెల్లి మూడింటిదాక పిల్ల పంటె నేను సూస్త. ఏడ్సే పిల్లను ఎత్తుకొని మూడు గంటలు తిరుగుడు నాతోని కాదు బిడ్డా. నా కాళ్లు నావి కావు."

అంటే పాప మధ్యాహ్నం నిద్రపోతే స్వప్నకు ఉద్యోగం ఉంటుంది, నిద్రపోకపోతే పోతుంది. ఒకటో తారీఖుకు ఇంకా పద్దెనిమిది రోజులుంది.

సంగతి తెలిసి బుచ్చయ్య సాంచెలను పొరుగింటి హన్మంతుకు అప్పజెప్పి జగిత్యాల బస్సెక్కాడు. రాజేశ్ వాళ్లు జలపతి రావు గారింటి పై అంతస్తులో అద్దెకుంటారు. కాలనీ చివర ఇల్లు. పావురం రెక్క కొట్టినా వినపడేంత నిశ్శబ్దం. బుచ్చయ్య లోపల కాలు పెట్టగానే, "గిదేంది, గీ ఇంట్ల కరెంటు లేదా?" అన్నాడు.

"ఉన్నది బాపూ," అంది స్వప్న. నెల రోజుల నిద్రలేమి ఆమె కళ్ల కింద కూర్చుంది.

"మరి గింత సప్పుడు లేకుంటె ఎట్లుంటున్నరు?"

"మీ మనుమరాలు చేస్తాంది గద మామా సప్పుడు," అన్నాడు రాజేశ్.

బుచ్చయ్య పాప నోటి వంక చూశాడు. నోరు పెద్దగా తెరుచుకుని ఉంది కనుక ఏడుస్తోందని ఒప్పుకున్నాడు. "మా ఇంట్ల అయిదు నెలలున్నది, ఒక్కనాడు ఏడ్వలేదు," అన్నాడు.

"నీకు ఇనవడితె గద," అంది స్వప్న. అని, తానే ఆగింది. నిజమే. అక్కడ పాప ఏడ్చింది తక్కువ. కరెంటు పోయినప్పుడు ఏడ్చేది. ఉక్కపోతకని విసనకర్ర పట్టుకుని విసిరేవాళ్లు. ఫ్యాను తిరిగే బ్యాటరీ కూడా కొన్నారు, అయినా ఏడ్చేది. మళ్లీ కరెంటు రాగానే ఊరుకునేది.

అప్పుడే బుచ్చయ్య, చేరానని చెప్పడానికి ఇంటికి ఫోను చేశాడు. ఆయన ఫోను ఎప్పుడూ స్పీకరులోనే ఉంటుంది. శంకరవ్వ ఎత్తింది. ఆమె మాటకంటే ముందు ఆమె వెనక నడుస్తున్న సాంచెలు వచ్చి గదిలో పడ్డాయి, టకటక టకటక అని. పాప ఏడుపు ఆపింది. తల తిప్పి ఫోను వైపు చూసింది. రెండు క్షణాలు చూసి, మళ్లీ రెట్టింపు ఏడుపు అందుకుంది.

సత్యవ్వతో సహా గదిలో నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అల్లుడా," అన్నాడు బుచ్చయ్య, "పిల్లకు సాంచెలు కావాలె."

రాజేశ్ ఆ సాయంత్రమే హన్మంతుతో సాంచెల చప్పుడు రికార్డు చేయించి తెప్పించుకున్నాడు. ఫోనులో పెట్టి వినిపించాడు. పాప ఫోనును చూసిన చూపు, నకిలీ నోటును చూసే దుకాణదారు చూపు. చెంబంత స్పీకరు ఒకటి కొని దాంట్లో పెట్టాడు. సాంచెను ఒక స్టీలు చెంబులో వేసి మూత పెట్టినట్టు వచ్చింది. అప్పుడు రాజేశ్ మామను కూర్చోబెట్టి, కాగితం మీద అలలు గీసి వివరించాడు.

"ఫోను స్పీకరు గోరంత ఉంటది మామా. పైపై టకటక మాత్రమే పలుకుతది. కింది సప్పుడు, గా అదురుడు, దానికి రాదు. పిల్ల అయిదు నెలలు అదురుడులనే పన్నది. కడుపుల ఉన్నప్పుడు సుత అంతే. పెద్ద పెట్టెలు కావాలె, వాటిని నడిపే మంచి యాంప్లిఫయర్ కావాలె. కొత్తది నాతోని కాదు."

బుచ్చయ్యకు అలలు అర్థం కాలేదు గానీ యాంప్లిఫయర్ అన్న మాట పెదవుల మీద చక్కగా చదువుకున్నాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఇంట్లో ఒకరు ఆ మాటను తిట్టుగా కాక కోరికగా పలికారు.

"కోరుట్లకు పోదాం," అన్నాడు లేచి.

కోరుట్లలో బస్టాండు వెనక కరుణాకర్ దుకాణం. టీవీలు, ఇన్వర్టర్లు, పెండ్లి బరాతుల స్పీకరు పెట్టెలు బాగు చేస్తాడు. వెనక గదిలో చచ్చిన సామాన్ల కుప్ప ఉంటుంది. అందులో, ఒక గ్రైండరు కింద, వెండి రంగు ముఖంతో పెద్ద పెట్టె కనబడింది. ముందు పలకంతా గుండీలు, మధ్యలో చప్పుడు కొలిచే ముల్లు గడియారాలు రెండు. పేరు సగం అరిగిపోయింది. నలభై ఏళ్ల కిందట మస్కట్ నుంచి ఒకాయన కంబళిలో చుట్టి, విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడట. ఆయన పోయాక కొడుకులు దాని మీద టీవీ పెట్టారు, తరువాత పూలకుండీ పెట్టారు, ఆ తరువాత ఇక్కడ పెట్టారు.

"ఎంత తమ్మీ?" అన్నాడు బుచ్చయ్య.

"పన్నెండు కిలోలు కాకా. తూకానికిస్త."

"ఇనుము రేటుకా?"

"ఇనుము రేటుకే. అండ్ల జీవం లేదు, ముందే చెప్తున్న. మల్ల నన్ననద్దు."

బుచ్చయ్య దాన్ని రెండు చేతులా ఎత్తి, బరువు చూసి, అల్లుడి వైపు తిరిగి కన్ను గీటాడు. కాలేజీ అయ్యాక రాజేశ్, పొద్దటి బస్సుకు బుచ్చయ్య, ఇద్దరూ రోజూ కోరుట్లలో కలుసుకోవాలని అనుకున్నారు. కరుణాకర్ ఒక మూల బల్ల చూపించాడు.

పైమూత విప్పితే లోపల ఎలుక ఇల్లు. దూది, దారం, ఎవరిదో పెండ్లిపత్రికలో వరుని పేరున్న ముక్క. వాటి కింద అరంగుళం దుమ్ము. బుచ్చయ్య రంగుల బ్రష్షుతో దులుపుతుంటే, రాజేశ్ ఇంటర్నెట్టులో దాని సర్క్యూట్ బొమ్మ వెతికి తీశాడు. బొమ్మలో ఫ్యూజు ఉన్న చోట పెట్టెలో ఒక లావుపాటి రాగితీగ ఉంది. ఎవరో పూర్వ మెకానిక్ ఫ్యూజు మాటిమాటికీ పోతోందని, ఇక పోనేపోకుండా చేసి వెళ్లాడు.

"గీ ఫ్యూజు పోకుంట పెట్టిన మొగోడు, మిగిలినయన్ని పోగొట్టిండు," అన్నాడు కరుణాకర్.

కెపాసిటర్లు పూరీల్లా పొంగి ఉన్నాయి. రాజేశ్ వాటి విలువలు ఒక్కొక్కటీ నోటుబుక్కులో రాసుకున్నాడు. అది పాప నిద్ర నోటుబుక్కే. ఒక పేజీలో నిద్ర, ఎదుటి పేజీలో మైక్రోఫారడ్లు. బుచ్చయ్య పద్ధతి వేరు. ముక్కు దగ్గర పెట్టి వాసన చూసేవాడు, వేలితో తట్టేవాడు. సాంచె మోటార్లు విప్పిన చేతికి ఏది కాలిందో తెలుస్తుందని ఆయన ధీమా. చివరికి పదిహేడు కెపాసిటర్లు మార్చాలని రాజేశ్ లెక్క తేల్చాడు, పద్దెనిమిదని బుచ్చయ్య ముక్కు తేల్చింది. పద్దెనిమిదీ మార్చారు. ఆ పద్దెనిమిదోది ఏదో ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు.

కరెంటు ఇచ్చే రోజు వచ్చింది. పాత సామానుకు కరెంటు నేరుగా ఇవ్వరు. మధ్యలో ఒక పాతకాలపు వంద వాట్ల బల్బును కలుపుతారు. లోపల ఏదైనా తగులుకుని ఉంటే మంట సామానులో రాదు, వెలుగు బల్బులో వస్తుంది. కరుణాకర్ స్విచ్చు నొక్కాడు. బల్బు పెండ్లి పందిట్లో లైటులా వెలిగింది. రాజేశ్ తలుపు దాకా వెళ్లిపోయాడు.

"అబ్బ, ఏం వెలుతురచ్చింది!" అన్నాడు బుచ్చయ్య సంతోషంగా.

"వెలుతురస్తె ఖరాబున్నట్టు కాకా," అన్నాడు కరుణాకర్.

కుడిపక్క ట్రాన్సిస్టర్లు రెండూ పోయాయి. వాటికి సరిపోయేవి కరీంనగర్ నుంచి తెప్పించడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ రాజేశ్ పాపను ఎత్తుకుని కుర్చీలో ఊగుతూ, ఆ ట్రాన్సిస్టర్ల జాతకం చదివాడు. అవి వచ్చాయి, అతికారు, మళ్లీ స్విచ్చు నొక్కారు. బల్బు ఒక్కసారి కళ్లు పెద్దవి చేసి, మెల్లగా మూసుకుంది.

"పన్నది!" అన్నాడు రాజేశ్ అరచేయి గుండె మీద పెట్టుకుని. నెల రోజులుగా ఆ మాట ఇంకొకరి గురించి అనాలని ఎదురుచూస్తున్నాడు.

ఇక మెరుగులు. మూలుగులాంటి గుయ్‌మనే శబ్దం పోవడానికి లోపలి రెండు పెద్ద డబ్బాల్లాంటి కెపాసిటర్లు మార్చారు. గరగరలాడే గుండీల్లో మందు కొట్టి వందసార్లు తిప్పారు. బరాతుకు పనికిరావని ఒక డీజే పిల్లగాడు వదిలేసి పోయిన పెట్టెలు రెండు, పన్నెండంగుళాల స్పీకర్లవి, కరుణాకర్ ఇచ్చాడు. రాజేశ్ పట్టుబట్టి బ్లూటూత్ ముక్క ఒకటి లోపల పెట్టించాడు. మొదటిసారి ఆన్ చేయగానే ఒక ఆడగొంతు, ఏ దేశపు మనిషో గానీ, పన్నెండంగుళాల నోటితో ఏదో ప్రకటించింది. దుకాణం షట్టరు వణికింది. ఎదురుగా చాయ్ తాగుతున్నవాళ్లు లేచి నిలబడ్డారు.

"పిల్ల పన్నంక గీమె గిట్ల ఒర్లితె?" అన్నాడు కరుణాకర్.

"తీసెయ్యి," అన్నాడు రాజేశ్ తెల్లబోయిన ముఖంతో. ఆమెను తీసేసి మామూలు తీగె పెట్టారు.

పాట పెట్టి చూద్దామన్నారు. బుచ్చయ్య పెట్టె మీద అరచేయి ఆనించి, ఇంకొక చేత్తో గుండీ తిప్పడం మొదలుపెట్టాడు. తనకు వినపడేదాకా తిప్పాలన్నది ఆయనకు సహజంగా తోచిన సంగతి. తిప్పుతూ పోయాడు. గల్లీలో గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. పక్క టైలరు సూది తప్పింది. రాజేశ్ రెండు చెవులూ మూసుకుని నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు. బుచ్చయ్య చిరునవ్వుతో తల ఊపాడు.

"ఇగో, ఇప్పుడు జరజర ఇనవస్తాంది," అన్నాడు.

కరుణాకర్ వచ్చి ఆయన చేయి పట్టుకుని వెనక్కి తిప్పించి, గుండీ పక్కన ఇంట్లోంచి తెచ్చిన ఎర్ర నెయిల్‌పాలిష్‌తో ఒక గీత గీశాడు. "కాకా, గీ గీత దాటితె గోడలు పడ్తయి. పిల్లమీద ఒట్టు."

హన్మంతు చేసిన రికార్డింగులో సగం హన్మంతు దగ్గే ఉంది. అందుకని ఆ గురువారం సిరిసిల్లలో మళ్లీ చేశారు. బుచ్చయ్య పొద్దున్నే లేచి సాంచెలకు నూనె వేశాడు, బెల్టులు బిగించాడు, షెడ్డంతా ఊడ్చి నీళ్లు చల్లాడు, తాను ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు.

"సప్పుడు తీసుటానికి ఊడ్సుడెందుకయ్యా?" అని చేతులతో అడిగింది శంకరవ్వ.

"పిల్ల ఇంటది గద," అన్నాడు.

గంటసేపు నాలుగు సాంచెలూ నడిచాయి. మధ్యలో ఇరవై రెండో నిమిషాన మూడో సాంచె నాడెలో దారం కండె అయిపోయింది. బుచ్చయ్య ఎప్పటిలాగే ఒక్క అంగలో వెళ్లి పిడి లాగి ఆపాడు, కొత్త కండె వేశాడు, నడిపించాడు. అంతా కలిపి పది సెకన్లు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి జగిత్యాలలో పరీక్ష. ఒకటో తారీఖు మర్నాడే. యాంప్లిఫయర్‌ను తుడిచి, పాప పడుకునే తొట్టెలకు దూరంగా గోడ వారన బల్ల మీద పెట్టారు. పెట్టెలు రెండూ ఎదుటి మూలల్లో, నేల మీద. కింది నుంచి ఇంటాయన జలపతి రావు కూడా వచ్చి కుర్చీ వేసుకున్నాడు. ఒకప్పుడు ఆయన తాతగారికి బీర్పూర్ వైపు ఊళ్లే ఉండేవట. ఇప్పుడు ఆయనకు ఈ ఇల్లు, మధ్యాహ్నం కునుకు, మూడు గంటల సీరియల్ మిగిలాయి. పాప వచ్చిన దగ్గర్నుంచి కునుకు పోయింది.

"బుచ్చయ్యా, నా ఇంటిమీద ఫ్యాక్టరీ పెడుతున్నవట?"

"చిన్నదే దొరా. నాలుగు సాంచెలే."

"పెట్టు. గీ ఏడుపుకంటె ఫ్యాక్టరే నయం. నా గోడలు మాత్రం పగులద్దు. మూడు గొట్టంగ బందు కావాలె."

పాప తొట్టెలలో ఎర్రబడి ఏడుస్తోంది. రాజేశ్ గంట రికార్డింగు అయిపోగానే మళ్లీ మొదటి నుంచి వచ్చేటట్టు పెట్టి, ఒక చేతిలో నోటుబుక్కు పట్టుకుని గుండీని ఎర్రగీత దగ్గరికి తెచ్చాడు. గడియారాల ముళ్లు రెండూ లేచి ఊగాయి. నేల సన్నగా అదిరింది. సిరిసిల్ల వచ్చి గదిలో నిలబడింది.

పాప ఏడుపు మధ్యలో ఆపింది. కళ్లు పైకి ఎత్తి, ఏదో తెలిసిన మనిషి పిలిచినట్టు ఒకసారి చూసింది. పిడికిళ్లు వదులయ్యాయి. ఆవులించింది. అయిదు నిమిషాలు కాకముందే రెప్పలు పడ్డాయి.

సత్యవ్వ నోటి మీద చెంగు పెట్టుకుంది. స్వప్న కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మనుషుల బుద్ధి ఎలాంటిదంటే, నాలుగు సాంచెలు ధనధనలాడుతున్న ఆ గదిలో అందరూ మునివేళ్ల మీద నడవడం, గుసగుసలాడడం మొదలుపెట్టారు. ఒకరి గుసగుస ఒకరికి వినపడక, ఇంకా దగ్గరగా జరిగి ఇంకా మెల్లగా గుసగుసలాడారు. బుచ్చయ్య ఒక్కడే హాయిగా, చేతులతో సత్యవ్వను అన్నం పెట్టమన్నాడు.

పళ్లెం ముందు కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద నోటి దాకా వెళ్లింది. అప్పుడు అరికాళ్లలోంచి తెలిసింది, మూడో సాంచెలో కండె అయిపోయింది.

ఆయన ఆలోచించలేదు. నలభై మూడేళ్లుగా అలాంటప్పుడు ఆలోచించలేదు. ముద్ద పళ్లెంలో పడింది, ఒక్క అంగలో లేచాడు, ఎడమచేయి పిడి ఉండవలసిన చోటికి పోయింది. అక్కడ పిడి లేదు. గోడ నుంచి వేలాడుతున్న కరెంటు తీగె ఉంది. దాన్నే గట్టిగా లాగాడు.

ప్లగ్గు ఊడి చేతిలోకి వచ్చింది. గదిలో నిశ్శబ్దం ధబ్బున పడింది. పాప కళ్లు తెరిచి, ఇల్లెక్కి కూసింది.

"బాపూ!"

"మామా!"

"కండె అయిపోయింది!" అన్నాడు బుచ్చయ్య ప్లగ్గు పట్టుకుని, అన్నం అంటిన ఇంకొక చేయి గాల్లో ఉంచి.

"అది మొన్న గురువారం అయిపోయిన కండె మామా!" అన్నాడు రాజేశ్ ఏడుపు గొంతుతో. "నువ్వే ఆపినవు, నువ్వే కొత్తది ఏసినవు!"

బుచ్చయ్య ప్లగ్గు వంక చూశాడు, పాప వంక చూశాడు. సాంచె ఆపలేకపోతే గుడ్డ చెడిపోతుందన్న భయం ఆయన ముఖంలోంచి ఇంకా దిగలేదు. మెల్లగా గోడ వారన కూర్చున్నాడు. బిడ్డ చదువుకోసం నేసిన గుడ్డంతా ఒక్కసారి తన చేత్తోనే కోసేసుకున్నట్టయింది ఆయనకు. రేపే ఒకటో తారీఖు.

రాజేశ్ ఆ పది సెకన్లు కోసి పారేస్తానని ఫోను తీశాడు. స్వప్న ఆపింది. "ఎందుకు? ఒక్క సాంచె ఆగితె పిల్ల లేవదు. సిరిసిల్లల రోజుకు ముప్పైసార్లు ఆగుతయి. లేపింది సాంచె గాదు, మా బాపు."

అందరూ బుచ్చయ్య వైపు చూశారు. లోపం యాంప్లిఫయర్‌లో లేదు, పెట్టెల్లో లేదు, రికార్డింగులో లేదు. మార్చడానికి వీలుకాని సామాను ఒక్కటే ఉంది ఆ గదిలో.

"బుచ్చయ్యా, నువ్వు నాతోని కిందికి రా," అన్నాడు జలపతి రావు. చేయి పట్టుకుని మెట్లు దించుకుపోయి తన గదిలో కుర్చీలో కూర్చోబెట్టాడు. పైన మళ్లీ మొదటి నుంచి పెట్టారు. కప్పు సన్నగా అదిరింది. పాప ఏడుపు ఆగిందని జలపతి రావు చేత్తో సైగ చేశాడు. బుచ్చయ్య రెండు చేతులతో కుర్చీని పట్టుకుని కూర్చున్నాడు. ఇరవై రెండో నిమిషం వచ్చింది. బుచ్చయ్య కుర్చీతో సహా లేచాడు.

"కూసో!" అన్నాడు జలపతి రావు ఆయన భుజం పట్టి. "నీ సాంచెలు సిరిసిల్లల ఉన్నయి."

"తెలుసు దొరా. కాళ్లకు తెలుస్తలేదు."

పది సెకన్లు ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. పైన మూడో సాంచె మళ్లీ అందుకుంది. పైనుంచి ఏ ఏడుపూ రాలేదు. మూడు గంటలకు బుచ్చయ్యను, డబ్బాలో అన్నం సర్ది ఇచ్చి, సిరిసిల్ల బస్సెక్కించారు. ఇక మధ్యాహ్నాలు పన్నెండు నుంచి మూడు దాకా ఆయన ఆ ఇంటికి రాకూడదని స్వప్న మంచిమాటలతో చెప్పింది. మాటలు అందలేదేమోనని చేతులతోనూ చెప్పింది.

సోమవారం స్వప్న పనికి పోయింది. సిరిసిల్లలో బుచ్చయ్య పొద్దటి నుంచి గోడ గడియారం చూస్తూనే నేశాడు. ఒంటిగంటకు ఆగలేక ఫోను తీశాడు. నడుస్తున్న సాంచెల మధ్య ఏం వినపడుతుంది? మొదటిదాన్ని ఆపాడు. తరువాత రెండోదాన్ని, మూడోదాన్ని, నాలుగోదాన్ని. దారం చుట్టి కండెలు పడుతున్న శంకరవ్వ కరెంటు పోయిందేమోనని పైకి చూసింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"ఏమైందయ్యా?"

"జగిత్యాల సాంచెలు నడుస్తున్నయో లేదో సూస్త."

అవతల సత్యవ్వ ఎత్తింది. పాప నిద్రలో ఉంది కాబోలు, గుసగుసగా ఏదో చెప్పింది. ఆ గుసగుస బుచ్చయ్యకు అందే జాతిది కాదు. "ఏందీ? ఏందొదినే?" అని ఆయన అరిచాడు. ఆమె ఇంకా మెల్లగా చెప్పింది. చివరికి విసిగి, ఫోనును పెట్టె దగ్గర పెట్టి పోయినట్టుంది, టకటక టకటక అని నిండుగా వచ్చింది.

"నడుస్తున్నయి!" అన్నాడు బుచ్చయ్య. ఫోను శంకరవ్వ చేతిలో పెట్టాడు. "నాకు సన్నటియి ఇనరావు. పిల్ల ఏడుస్తాందా సూడు."

శంకరవ్వ ఫోనును చెవికి గట్టిగా నొక్కుకుని చాలాసేపు విన్నది.

"ఏడుపు లేదు. సాంచెలే. ఆగు, గురక ఒకటి ఇనవస్తాంది."

"పిల్లదా?"

"గంత గురక పిల్లదెట్లయితది? వదినెది. ఆమె సుత పన్నది."

"అయితె స్వప్న పనికి పోవచ్చు," అన్నాడు బుచ్చయ్య, స్వప్న పొద్దున్నే పోయిందన్న సంగతి తెలిసి కూడా. ఫోను వెనక్కి తీసుకుని, ఎత్తుపీట మీద కూర్చుని, తానూ విన్నాడు. ఇన్నేళ్లూ వాటి మధ్య నిలబడ్డాడే గానీ బయట కూర్చుని వాటిని వినడం ఇదే మొదలు. కొంచెం సేపటికి నుదురు ముడిపడింది.

"రెండోదాన్ల నాడెను కొట్టే తోలు అరిగినట్టున్నది. దెబ్బ మెత్తగ పడ్తాంది."

"మంచిగయ్యింది గద. ఫోను పెట్టి సాంచెలు నడిపియ్యి. ఇయ్యాల గుడ్డెట్లయితది?" అంది శంకరవ్వ.

బుచ్చయ్య ఫోనును చెవి నుంచి తీయలేదు.

"ఫోను పెట్టేటోల్లు అటు దిక్కు ఎవలున్నరు, అందరు పన్నరు. నాలుగు సాంచెలు నడుస్తున్నయి. నడిచే సాంచెలను ఇడిసిపెట్టి ఎట్ల పోత?" అన్నాడు, కండె అయిపోయే నిమిషం దగ్గరపడుతుంటే రెండు కాళ్లూ నేలకు గట్టిగా ఆనించుకుంటూ.